ముడతలు: వైద్యశాస్త్రంలో వాటి పేర్లు, కారణాలు, మనం చేయవలసిన పని

పెద్దవాళ్ళ ముఖం మీద ముడతను చూస్తే మనకు గౌరవం కలుగుతుంది. అదే ముడత మన అద్దంలో కనబడితే బెంగ పుడుతుంది. ఈ బెంగ మీద క్రీములు, సూదులు, ప్యాకేజీలు అంటూ పెద్ద వ్యాపారమే నడుస్తోంది. మన నేలకొండపల్లి, ముదిగొండ, కూసుమంచి ప్రాంతాల్లో ఎండలో పని చేసి ముసలివాళ్ళయిన వారికి మాత్రం ముడత అందానికి సంబంధించిన విషయం కానే కాదు. వేలి కొసన చర్మం ముడతలు పడి అరిగిపోతే రేషను దుకాణంలో యంత్రం వేలిముద్ర తీసుకోదు. వేసవిలో ఒంట్లో నీరు ఇంకిపోయినా, అది వయసు వల్ల వచ్చిన ముడతే అనుకుని ఇంట్లోవాళ్ళు ఊరుకుంటారు. కాబట్టి ఏ ముడత సహజమైనదో, ఏ ముడతను చూసి జాగ్రత్త పడాలో తెలిసి ఉండటం అవసరం. మేము బడిలో పిల్లలకు చర్మం పాఠం చెప్పే పద్ధతిలోనే ఇక్కడ వివరిస్తున్నాం.

పేర్ల సంగతి

తెలుగులో మనం ముడత, ముడుత అంటాం. పాత తెలుగులో, ఆయుర్వేదంలో దీనికి వళి అనే పేరు ఉంది. ముడతలనూ నెరసిన వెంట్రుకలనూ కలిపి వళీపలితాలు అనేవారు. మన ఇళ్ళలో ఉర్దూ మాట్లాడేవారు ఝుర్రీ అంటారు. అరబ్బీలో తజాయీద్ అంటారు.

వైద్యులు ముడతను రైటిడ్ అని రాస్తారు. ఇది గ్రీకు భాష నుంచి వచ్చిన మాట. ముఖ చర్మాన్ని బిగించే ఆపరేషన్‌కు రైటిడెక్టమీ అని పేరు. మందుల చీటీలోనో రిపోర్టులోనో ఈ మాట కనబడితే కంగారు పడనక్కరలేదు. అది ఏ రోగం పేరూ కాదు, ఉత్త ముడతే.

లాటిన్‌లో ముడతకు రూగా అని పేరు. మన పొట్ట లోపలి గోడ మీద ఉండే మడతలను, నాలుకతో తడిమితే అంగిలి ముందు భాగంలో తగిలే గరుకు గీతలను వైద్యులు రూగే అంటారు. కనుబొమలు ముడిచే కండరం పేరు కొరుగేటర్. ఇంటి కప్పుకు వేసే ముడతల రేకును కొరుగేటెడ్ షీటు అంటారు కదా, ఆ మాటకూ ఇదే మూలం. ఈ పోలిక చెబితే పిల్లలు ఆ పేరును మరిచిపోరు.

ఎండ వల్ల చర్మం ముదిరిపోవడాన్ని డెర్మటోహీలియోసిస్ అంటారు. హీలియోస్ అంటే గ్రీకులో సూర్యుడు. ఎండ దెబ్బకు చర్మం లోపలి సాగే నారలు చెడి గడ్డకట్టినట్లు పేరుకుపోవడం సోలార్ ఎలాస్టోసిస్. ఏళ్ళ తరబడి పొలంలో వంగి పనిచేసిన వారి మెడ వెనుక చర్మం మందంగా మారి, దాని మీద పలకలు పలకలుగా లోతైన గీతలు పడతాయి. దీనికి క్యూటిస్ రాంబాయిడాలిస్ న్యూకే అనే పొడవాటి పేరు ఉంది. న్యూకే అంటే మెడ వెనుక భాగం. నాట్లు వేసిన, మిరపకాయలు ఏరిన మెడలను ఎన్నిటినో మనం చూశాం. వాటికీ వైద్యగ్రంథాల్లో ఒక పేరు ఉందని చాలామందికి తెలియదు.

చోటును బట్టి కూడా పేర్లు ఉన్నాయి. కనుబొమల మధ్య నిలువు గీతలు గ్లాబెల్లార్ లైన్స్. కంటి కొసల్లో విచ్చుకునే గీతలను ఇంగ్లీషువారు కాకి కాళ్ళతో పోల్చారు. ముక్కు పక్క నుంచి పెదవి కొస దాకా దిగే మడతలు నేసోలేబియల్ ఫోల్డ్స్. నవ్వినప్పుడో కోపం వచ్చినప్పుడో కనబడి మాయమయ్యేవి చలన ముడతలు. ముఖం కదలకపోయినా ఉండిపోయేవి స్థిర ముడతలు. 1996లో గ్లోగావ్ అనే అమెరికా చర్మవైద్యుడు దీన్నే నాలుగు దశలుగా చెప్పాడు. ముడతలు దాదాపు లేని దశ మొదటిది, ముఖం కదిలితే కనబడే దశ రెండోది, కదలకపోయినా కనబడే దశ మూడోది, ముఖమంతా ముడతలే అయిన దశ నాలుగోది.

చర్మం లోపల జరిగేది

మన చర్మంలో పైన బాహ్యచర్మం, దాని కింద అంతశ్చర్మం, ఆ కింద కొవ్వు పొర ఉంటాయి. బాహ్యచర్మం చాలా పలచన. దీనిలో కొత్త కణాలు అడుగున పుట్టి పైకి జరిగి రాలిపోతుంటాయి. యౌవనంలో ఈ చక్రం సుమారు నాలుగు వారాలకు పూర్తవుతుంది. వయసు పెరిగేకొద్దీ నెమ్మదిస్తుంది. పెద్దవాళ్ళ గాయాలు ఆలస్యంగా మానడానికి ఇదీ ఒక కారణం.

ముడత అసలు కథ అంతశ్చర్మంలో ఉంది. నులక మంచాన్ని తలచుకోండి. గట్టిగా అల్లిన నులక బరువును మోస్తుంది, లేవగానే మళ్ళీ బిగువుగా నిలబడుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ నులక అరిగి కుంగిపోతుంది. అంతశ్చర్మంలో ఈ నులక పని చేసేది కొల్లాజెన్ అనే ప్రోటీను. నీరు తీసివేసి తూచితే అంతశ్చర్మంలో నాలుగింట మూడు వంతుల దాకా ఇదే ఉంటుంది. లాగి వదిలితే చర్మాన్ని వెనక్కి తెచ్చేది ఎలాస్టిన్ అనే మరో ప్రోటీను. ఈ నారల మధ్య నీటిని పట్టి ఉంచే పదార్థం హయలురోనిక్ ఆమ్లం. నారలు తెగి, సాగే గుణం పోయి, తేమ తగ్గి, కింద కొవ్వు పొర కూడా పలచబడితే పైచర్మం కింద ఆధారం ఉండదు. అది మడత పడుతుంది. అదే ముడత.

వెయ్యేళ్ళ కిందట ఇబ్న్ సీనా తన అల్ ఖానూన్ గ్రంథంలో మనిషి వయసును నాలుగు భాగాలు చేసి, ముసలితనాన్ని చల్లదనం, పొడితనం గల దశగా చెప్పాడు. ఆయన కాలానికి సూక్ష్మదర్శిని లేదు. అయినా వయసుతో ఒంట్లో తేమ తగ్గుతుందన్న గమనిక సరైనదే. ఈ యునానీ సంప్రదాయానికి హైదరాబాదులో ఇప్పటికీ బలమైన నెలవులు ఉన్నాయి. ఎర్రగడ్డలోని జాతీయ యునానీ పరిశోధన సంస్థ ప్రత్యేకంగా చర్మవ్యాధుల కోసమే పనిచేస్తుంది. బొల్లి చికిత్సకు అది పేరుపొందింది.

ముడత ఎందుకు పడుతుంది

మొదటి కారణం వయసు. పెద్దయ్యాక కొల్లాజెన్ ఏటా సుమారు ఒక శాతం చొప్పున తగ్గుతుందని వైద్యుల అంచనా. స్త్రీలకు నెలసరి ఆగిపోయాక ఈస్ట్రోజెన్ తగ్గడం వల్ల నష్టం వేగంగా జరుగుతుంది. మొదటి ఐదేళ్ళలోనే చర్మపు కొల్లాజెన్‌లో 30 శాతం దాకా పోవచ్చునంటారు. అదే సమయంలో ఎముకలు కూడా బలహీనపడతాయి. కాబట్టి ఆ వయసు స్త్రీలకు ముఖానికి రాసే క్రీము కంటే పాలు, పప్పు, గుడ్డు, ఆకుకూరలు ముఖ్యం.

రెండోది, అన్నిటికంటే పెద్దది, ఎండ. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాల్లో బి రకం ఎక్కువగా పైచర్మంలోనే ఆగిపోతుంది. చర్మం కమిలేది దాని వల్లనే. ఎ రకం అంతశ్చర్మం దాకా దిగి కొల్లాజెన్‌ను కత్తిరించే ఎంజైములను లేపుతుంది. అద్దం కూడా దాన్ని పూర్తిగా ఆపలేదు. 2012లో అమెరికా వైద్యపత్రిక ఒకటి 69 ఏళ్ళ లారీ డ్రైవరు ఫోటోను ప్రచురించింది. ఆయన 28 ఏళ్ళు సరుకుల బండి నడిపాడు. అక్కడ డ్రైవరు ఎడమవైపు కూర్చుంటాడు కాబట్టి ఎడమ చెంప నిండా లోతైన ముడతలు పడ్డాయి. కుడి చెంప చాలా తక్కువగా ముదిరింది. ముఖం ఒకటే, వయసు ఒకటే, తేడా అంతా ఎండదే. మన దేశంలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు. మన ఊరి లారీ, ఆటో డ్రైవర్లకు కుడి చెంప, కుడి మోచేయి ఎక్కువగా ఎండకు గురవుతాయి.

మన నల్లని చర్మంలోని మెలనిన్ ఒక గొడుగులాంటిది. తెల్లవారి కంటే మనకు సన్నని ముడతలు కొన్నేళ్ళు ఆలస్యంగా వస్తాయి. ముందుగా నల్లమచ్చలు, మంగు కనబడతాయి. అయినా వేసవిలో 45 డిగ్రీలు దాటే ఖమ్మం, కొత్తగూడెం ప్రాంతాల్లో ఆ గొడుగు ఒక్కటే చాలదు. ఏప్రిల్, మే నెలల్లో భద్రాచలం అడవుల్లో తునికాకు కోసేవారు, కళ్ళాల్లో మిర్చి ఆరబోసేవారు, రోడ్డు పని చేసేవారు సగం జీవితం ఎండలోనే గడుపుతారు.

మూడోది వేడి. పొయ్యి, కొలిమి, బెల్లం వండే పెనం దగ్గర ఏళ్ళ తరబడి కూర్చునేవారి చర్మం కూడా ఎండలో కాలినట్లే ముదురుతుంది. చెరకు పండే మన ప్రాంతంలో బెల్లం బట్టీల దగ్గర పనిచేసేవారి చేతులు చూస్తే తెలుస్తుంది. మంట వేడి తగిలే చోట చర్మం మీద వలలాంటి గోధుమరంగు చారలు రావడానికి ఎరితీమా అబ్ ఇగ్నే అని పేరు. నిప్పు వల్ల వచ్చిన ఎరుపు అని దాని అర్థం.

నాలుగోది పొగాకు. 1985లో డగ్లస్ మోడల్ అనే వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో పొగతాగేవారి ముఖం అనే పేరుతో లక్షణాలు వివరించాడు. పెదవుల చుట్టూ, కళ్ళ చుట్టూ గీతలు, లోపలికి పోయిన చెంపలు, బూడిద రంగు తిరిగిన చర్మం అందులో ఉన్నాయి. చుట్ట, బీడీ, సిగరెట్టు ఏదైనా చర్మానికి వెళ్ళే సన్నని రక్తనాళాలను బిగిస్తుంది.

ఇక నవ్వు, ఏడుపు, కళ్ళు చికిలించడం వంటి కదలికలు ఒకే చోట పదేపదే జరిగి అక్కడ గీత పడుతుంది. చొక్కాకు మోచేతి దగ్గర మడత పడినట్లే ఇదీ.

ముడతను చూసి గమనించవలసిన జాగ్రత్తలు

ఇప్పటిదాకా చెప్పినవి సహజమైనవి. కింది మూడు సందర్భాల్లో మాత్రం ముడత మనకు హెచ్చరిక చేస్తుంది.

ఒకటి, వాంతులు, విరేచనాలు, వడదెబ్బ. చిన్నపిల్లల పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి వదలాలి. మడత రెండు సెకన్ల కంటే ఎక్కువసేపు నిలబడితే ఒంట్లో నీరు ప్రమాదకరంగా తగ్గినట్లు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. పెద్దవాళ్ళ విషయంలో చేతి వెనుక పట్టి చూస్తే మోసపోతాం, ఎందుకంటే ఎలాస్టిన్ తగ్గిన చర్మం నీరు ఉన్నా వెనక్కి తొందరగా పోదు. వారిలో నాలుక ఎండిపోవడం, మూత్రం తగ్గి ముదురు రంగులో రావడం, మత్తుగా పడి ఉండటం, తికమకగా మాట్లాడటం చూడాలి. నుదుటి మీద గాని, రొమ్ము ఎముక మీద గాని చర్మం పట్టి చూడటం కొంత నయం. ఓఆర్ఎస్ ప్యాకెట్టు ఇంట్లో ఉంచుకోవాలి. అది లేనప్పుడు లీటరు మంచినీళ్ళలో ఆరు సమతల టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలిపి తాగించవచ్చు.

రెండు, నీటిలో నానిన వేళ్ళు. బట్టలు ఉతికాక వేలి కొసలు ముడుచుకుపోతాయి. చర్మం నీరు పీల్చి ఉబ్బడం వల్ల ఇలా అవుతుందని చాలామంది అనుకుంటారు. అసలు కారణం నరాలు. అవి వేలి కొసలోని రక్తనాళాలను బిగిస్తాయి, లోపలి భాగం కుదించుకుపోయి పైచర్మం మడత పడుతుంది. నరం తెగిన వేలు ఎంతసేపు నానినా ముడత పడదని 1930లలోనే వైద్యులు గమనించారు. కుష్ఠు వ్యాధిలో, చక్కెర వ్యాధిలో నరాలు దెబ్బతిన్నా ఇలా జరగవచ్చు. అన్ని వేళ్ళూ ముడుచుకుని ఒకటి రెండు వేళ్ళు మాత్రం నున్నగా ఉండిపోతే, ఆ చోట స్పర్శ తెలియకపోతే డాక్టరుకు చూపించాలి. కుష్ఠుకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం. పూర్తిగా నయమవుతుంది.

మూడు, ఉన్నట్టుండి ముడత మాయం కావడం. కనుబొమలు పైకెత్తమంటే నుదుటి మీద అడ్డగీతలు రెండువైపులా రావాలి. ఒకవైపు గీతలు రాక, ఆ కన్ను మూసుకోకపోతే అది ముఖ నరం దెబ్బతిన్న బెల్స్ పాల్సీ కావచ్చు. నుదుటి గీతలు బాగానే ఉండి, మూతి మాత్రం వంకర పోతే పక్షవాతం కావచ్చు. తేడా తేల్చవలసింది డాక్టరే. మనం చేయవలసింది గంట కూడా ఆలస్యం చేయకుండా 108కి ఫోను చేయడం. అలాగే చేతుల, ముఖం చర్మం నెమ్మదిగా బిగిసి నున్నగా మారి నోరు చిన్నదైపోతుంటే దాన్ని స్క్లెరోడెర్మా అంటారు. వయసు తగ్గి చర్మం నిగనిగలాడుతోందని పొరపడకూడదు.

వేలిముద్ర పడని చేతులు

వేలి మీది గీతలు తల్లి కడుపులోనే, ఆరో నెల లోపు ఏర్పడతాయి. వాటి నమూనా జీవితాంతం మారదు. కాని వయసుతో గీతల ఎత్తు తగ్గుతుంది, చర్మం పొడిబారుతుంది, అడ్డంగా ముడతలు పడి గీతలను తెంపుతాయి. సిమెంటు, సున్నం, పత్తి, గిన్నెలు తోమే పొడి వాటిని మరింత అరగదీస్తాయి. యంత్రానికి ఆ చేయి పట్టుబడదు. ఎక్కువ కష్టం చేసిన చేతికే ఎక్కువ ఇబ్బంది రావడం ఇందులోని బాధ. రేషను బియ్యానికి, నెలకు 2,016 రూపాయల వృద్ధాప్య పింఛనుకు రెండు మూడుసార్లు తిరిగి, నా వేలే నన్ను కాదంటోంది అని కూలబడే ముసలమ్మలు ప్రతి ఊళ్ళో ఉన్నారు.

దీనికి మార్గాలు ఉన్నాయి. చేతులు కడిగి, తుడిచి, కొద్దిగా కొబ్బరినూనె గాని వాజలీను గాని రుద్ది, జిడ్డు తుడిచి మళ్ళీ వేలు పెట్టాలి. ఒక వేలు పడకపోతే మరో వేలు ప్రయత్నించాలి. ఆధార్‌లో పది వేళ్ళతో పాటు రెండు కనుపాపలూ నమోదై ఉంటాయి. కాబట్టి ఐరిస్ ద్వారానో, మొబైలుకు వచ్చే ఓటీపీ ద్వారానో గుర్తించమని అడగవచ్చు. ఫోను నంబరు ఆధార్‌కు జత చేయించి ఉంచాలి. పింఛన్లకు 2025లో తెలంగాణలో ముఖ గుర్తింపు కూడా ప్రవేశపెట్టారు. వేలిముద్ర పడలేదన్న కారణంతో అర్హులకు సరుకులు నిలిపివేయకుండా ప్రత్యామ్నాయ పద్ధతులు పాటించాలని ఆధార్ సంస్థ 2017 అక్టోబరులోనే ఆదేశించింది. ఈ సంగతి మన పెద్దవాళ్ళకు తెలియదు. వారి తరఫున అడిగే మనిషి పక్కన ఉంటే పని జరుగుతుంది.

క్రీముల సంగతి

ముడతలు తగ్గించగలవని రుజువైన మందులు తక్కువ. విటమిన్ ఎ నుంచి చేసిన ట్రెటినాయిన్ వాటిలో ఒకటి. డాక్టరు రాస్తేనే వాడాలి. గర్భిణులు వాడకూడదు. బోటాక్స్ సూది కండరాన్ని కొన్ని నెలలు సడలిస్తుంది, ఆ తర్వాత ముడత మళ్ళీ వస్తుంది. ముడతను ముందే ఆపడంలో ఎండ నుంచి రక్షణే మేలు. ఆస్ట్రేలియాలో 903 మందిని నాలుగున్నరేళ్ళు పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించారు. రోజూ సన్‌స్క్రీన్ రాసినవారిలో చర్మం ముదరడం 24 శాతం తక్కువగా ఉంది. సన్‌స్క్రీన్ కొనలేనివారికి నిండు చేతుల చొక్కా, తలపాగా, మెడ వెనుకకు దిగే కండువా, గొడుగు మంచి రక్షణే.

ఆడపిల్లలు తెల్లబడతామని మందుల దుకాణంలో అడిగి కొనే కొన్ని గొట్టాల్లో బెటామెథసోన్, క్లోబెటసోల్ వంటి స్టెరాయిడ్లు ఉంటాయి. మొదటి వారం ముఖం మెరుస్తుంది. నెలలు గడిచేసరికి చర్మం పలచబడి, ఎర్రని నాళాలు తేలి, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి. పాతికేళ్ళకే యాభై ఏళ్ళ చర్మం అవుతుంది. ఇలాంటి 14 స్టెరాయిడ్ల పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్ర ప్రభుత్వం 2018లో షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. పాదరసం కలిపిన తెల్లబరిచే క్రీములు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. పెళ్ళిచూపుల ముందు నలుపు పేరుతో ఆడపిల్లను చిన్నబుచ్చే అలవాటు మానితే ఈ గొట్టాల అమ్మకం సగం దానంతటదే తగ్గుతుంది.

దాతలకు మా మనవి

మీరు ఇచ్చే రూపాయి ముడతలు పడిన చేతులకు ఎలా ఉపయోగపడుతుందో ఆలోచించి కొన్ని పనులు సూచిస్తున్నాం.

వేసవి మూడు నెలలు కూలీల అడ్డాల దగ్గర, మార్కెట్ దగ్గర మంచినీళ్ళతో పాటు ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉంచవచ్చు. రంజాన్ కానుకల్లో బట్టలతో పాటు ఒక గొడుగు, ఒక మెడ కండువా ఇస్తే పొలం పనికి వెళ్ళేవారికి ఏళ్ళ తరబడి పనికొస్తుంది. ప్రతి నెలా రేషను, పింఛను రోజుల్లో చదువుకున్న యువకులు ఇద్దరు పెద్దవాళ్ళ వెంట వెళ్ళి, వేలిముద్ర పడనివారికి ఐరిస్, ఓటీపీ కోసం అడగవచ్చు. ఇందుకు డబ్బు కంటే సమయం కావాలి, అదీ దానమే. మంచాన పడ్డ పెద్దవాళ్ళ పలచని చర్మం చీలకుండా, పుండ్లు పడకుండా గాలి పరుపులు కొని, అవసరమైన ఇంటికి ఇచ్చి, పని తీరాక తిరిగి తీసుకుని మరొకరికి ఇచ్చే ఏర్పాటు చేయవచ్చు. మంచంలో ఉన్నవారిని రెండు గంటలకోసారి పక్క మార్చాలని, స్నానం తర్వాత నూనె రాయాలని, పలచని చర్మం మీద గట్టిగా అంటుకునే ప్లాస్టర్లు వేయవద్దని ఇంట్లోవారికి చెప్పాలి. ఏడాదికి ఒకసారైనా చర్మవైద్యులతో శిబిరం పెడితే కుష్ఠు, చక్కెర వ్యాధి వంటివి ముందే బయటపడతాయి.

ముడతలు లేకుండా ఎవరం ముసలివాళ్ళం కాలేం. ఆ చేతులు మన కోసం నాట్లు వేశాయి, ఇటుకలు మోశాయి, మనల్ని ఎత్తుకుని పెంచాయి. వాటికి నీడ, నీళ్ళు, వేళకు మందు అందేలా చూడటం, రేషను దుకాణంలో తలవంపులు లేకుండా చేయడం మనం తీర్చవలసిన బాకీ.